హార్జ్ కొండల భారీ వెండి నాణేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత నాణేల మీద ఆసక్తి ఉన్నవాళ్లు యూరప్ వైపు చూడటం మొదలుపెట్టగానే ఎక్కడో ఒకచోట అరచేయంత వెండి బిళ్ళ ఫొటో కనబడుతుంది. ఇది నాణెమా, పతకమా, ఇంత బరువుతో సరుకులు ఎలా కొన్నారు అన్న అనుమానాలు అక్కడే మొదలవుతాయి. తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువ మాటలు జర్మనీలోని హార్జ్ కొండల గురించే ఉంటాయి. ఈ రకం నాణేలు అక్కడ ఒకటీ అరా కాదు, వంద సంవత్సరాలకు పైగా వరుసగా తయారయ్యాయి.

అసలు ఇవి ఏ నాణేలు?

16, 17 శతాబ్దాల్లో మధ్య యూరప్‌లో చెలామణిలో ఉన్న పెద్ద వెండి నాణెం పేరు థాలర్. ఒక్కో థాలర్ సుమారు 29 గ్రాములు. రెండు, మూడు, నాలుగు, పది థాలర్ల విలువను ఒకే బిళ్ళగా కొట్టిస్తే వచ్చేవి ఈ భారీ నాణేలు. హార్జ్ గనులను ఏలిన బ్రౌన్‌ష్వైగ్, ల్యూనెబుర్గ్ డ్యూకుల వంశం కొట్టించిన వాటిని లోజర్లు అంటారు. రాజులు, డ్యూకులు, ఆర్చిబిషప్పులు, నగర సభలు ఇలాంటివి కొట్టించి రాయబారులకు, బంధువులకు, సేనానులకు, నమ్మకమైన అధికారులకు ఇచ్చేవారు. మన దగ్గర నజరానా నాణేలు ఉండేవి కదా, వాటికి దగ్గరి జాతి. అయితే నజరానా సాధారణంగా కిందివాడు పైవాడికి సమర్పించుకునేది. ఇవి ఎక్కువగా పైనుంచి కిందికి వచ్చేవి.

బరువు ఎంత ఉంటుంది?

1566లో జర్మన్ సామ్రాజ్య సభ థాలర్‌కు ఒక లెక్క కట్టింది. కొలోన్ మార్కు అనే తూకం, అంటే సుమారు 234 గ్రాముల శుద్ధ వెండి, తీసుకుంటే దాంట్లోంచి 9 థాలర్లు రావాలి. అంటే ఒక్కో దాంట్లో దాదాపు 26 గ్రాముల మేలిమి వెండి, మిగతాది రాగి. ఈ లెక్కన నాలుగు థాలర్ల లోజర్ 115 గ్రాములకు అటూ ఇటూగా, పది థాలర్లది 290 గ్రాముల దాకా తూగుతుంది. మన పాత తులాల్లో చెప్పుకుంటే దాదాపు 25 తులాలు. 16 థాలర్ల బిళ్ళలు కూడా ఉన్నాయి, అవి 460 గ్రాములు దాటతాయి. చాలావాటి వెడల్పు 7, 8 సెంటీమీటర్లు.

ఎవరు మొదలుపెట్టారు? ఎందుకు?

ఇంత పెద్దవి కాకపోయినా బహుమతి కోసం కొట్టించిన వెండి నాణేలు అంతకు ముందే ఉన్నాయి. ఆస్ట్రియాలోని హాల్ టంకశాలలో 1509లో మాక్సిమిలియన్ చక్రవర్తి కొట్టించిన, గుర్రం మీద తాను ఉన్న జంట గుల్డినర్ (గుల్డినర్ అంటే థాలర్‌కు ముందు తరం పెద్ద వెండి నాణెం) వాటిలో అందమైనది. కానీ దీన్ని ఒక పద్ధతిగా మార్చినవాడు బ్రౌన్‌ష్వైగ్-వోల్ఫెన్‌బ్యూటెల్ డ్యూక్ యూలియుస్. ఆయన 1568 నుంచి 1589 వరకు పాలించాడు, 1574లో తన లోజర్లు మొదలుపెట్టాడు.

యూలియుస్ లెక్కల మనిషి. తండ్రి యుద్ధాలతో రాజ్యాన్ని అప్పుల్లో వదిలి వెళ్తే, ఈయన గనులు, సీసం, ఉప్పు, కలప వ్యాపారాలతో ఖజానాను నిలబెట్టాడు. 1576లో హెల్మ్‌స్టెట్‌లో విశ్వవిద్యాలయం కూడా స్థాపించాడు. ఆయనకు ఉన్న టెన్షన్ ఒక్కటే. గనుల నుంచి వచ్చిన వెండి అంతా థాలర్లుగా మారి వ్యాపారుల చేతుల మీదుగా రాజ్యం దాటి పోతోంది. రేపు యుద్ధం వస్తే చేతిలో వెండి ఉండాలి. దానికి ఆయన పట్టుకున్న దారి ఇది: వెండిని కోటలో దాచడం బదులు ప్రజల ఇళ్లలోనే దాచడం. ఆస్తిని బట్టి ఒక్కో కుటుంబం ఇంత బరువున్న లోజర్ కొనుక్కోవాలి. కొన్నాక ఖర్చు పెట్టకూడదు. అధికారులు అడిగినప్పుడు చూపించాలి. బాగా ఇబ్బంది వస్తే డ్యూకు ఖజానాలోనే తాకట్టు పెట్టుకోవచ్చు.

అంటే బలవంతపు పొదుపా?

అవును, నా ఉద్దేశంలో ఆ మాటే సరైనది. కొందరు దీన్ని దూరదృష్టి అని మెచ్చుకుంటారు, నిజమే, కొంత దూరదృష్టి ఉంది. కానీ ఇల్లు గడవడానికి పనికిరాని వెండిని సొంత డబ్బుతో కొని పెట్టెలో పెట్టుకోవలసి వచ్చిన రైతు వైపు నుంచి కూడా చూడాలి. ఆ వెండి అతనిదే, అయినా అతనిది కాదు. బహుమతి నాణేలు అన్న మాట విని అందరూ ఆనందంగా అందుకున్నారని అనుకోకండి. యూలియుస్ లోజర్లలో బహుమతిగా వెళ్లినవీ ఉన్నాయి, హుకుం మీద కొన్నవీ ఉన్నాయి.

యూలియుస్ లోజర్ మీద ఏముంటుంది?

బొమ్మ వైపు కవచం తొడుక్కున్న డ్యూకు, నడుము దాకా. ఆయన చుట్టూ గ్రహాలు, పన్నెండు రాశులు. ఆ కాలంలో లోహాలకు, గ్రహాలకు సంబంధం ఉందని నమ్మేవారు, వెండి చంద్రుడిది, సీసం శనిది. గనుల రాజ్యం ఏలేవాడికి ఆ చక్రం మధ్యలో నిలబడటం సహజంగానే అనిపించి ఉంటుంది. బొరుసు వైపు వంశ చిహ్నం, దానికి కాపలాగా ఒంటినిండా వెంట్రుకలున్న అడవి మనుషులు. ఈ అడవి మనిషి హార్జ్ గనుల గుర్తు. అదే పేరుతో అక్కడ వీల్డెమన్ అనే గని ఊరు ఇప్పటికీ ఉంది. యూలియుస్ మామూలు థాలర్ల మీద కూడా అడవి మనిషి కనిపిస్తాడు, ఒక చేతిలో వెలిగే కొవ్వొత్తితో. ఇతరులకు సేవ చేస్తూ నేను కరిగిపోతున్నాను అని దాని పక్కన లాటిన్ రాత.

ఇంత వెండి ఎక్కడి నుంచి వచ్చింది?

15వ శతాబ్దం చివర మధ్య యూరప్ కొండల్లో కొత్త వెండి పొరలు బయటపడ్డాయి, పాత గనుల్లోంచి నీళ్లు తోడే పద్ధతులు మెరుగుపడ్డాయి. టిరోల్‌లోని ష్వాజ్ గనుల వెండితో ఆర్చిడ్యూక్ సిగిస్మండ్ 1486లో హాల్‌లో గుల్డినర్ కొట్టించాడు. ఒక బంగారు గుల్డెన్ విలువ మొత్తాన్ని ఒకే వెండి నాణెంలో పెట్టడం అక్కడ జరిగింది. 1520 ప్రాంతంలో బొహీమియాలోని యోఆకిమ్స్‌టాల్‌లో ష్లిక్ ప్రభువులు అలాంటివే భారీ సంఖ్యలో కొట్టించారు. థాలర్ అన్న పేరు ఆ ఊరి నుంచే వచ్చింది.

హార్జ్ సంగతి వేరు. అక్కడ గోస్లార్ ఊరి పక్కన రామెల్స్‌బర్గ్ కొండను వెయ్యేళ్లకు పైగా తవ్వారు, 1988లో గాని మూయలేదు. ఆ గని హక్కులను 1552లో యూలియుస్ తండ్రి గోస్లార్ నగరం నుంచి ఒప్పందం పేరుతో లాక్కున్నాడు. పైకొండల్లో క్లౌస్టాల్, త్సెల్లర్‌ఫెల్ట్, లౌటెన్‌టాల్, సాంక్ట్ ఆంద్రియాస్‌బెర్గ్ లాంటి ఊళ్లు 16వ శతాబ్దంలో గనుల కోసమే పెరిగాయి. సాక్సనీ వైపు నుంచి గని పనివాళ్లు కుటుంబాలతో వలస వచ్చి స్థిరపడ్డారు. పన్నుల్లో, కలపలో, సొంత కోర్టులో వాళ్లకు ప్రత్యేక హక్కులు ఇచ్చారు. అవి లేకపోతే ఆ చలికి, ఆ చీకటికి ఎవరూ వచ్చేవారు కాదు.

అక్కడి వెండి వెండిగా దొరకదు, ఎక్కువ భాగం సీసం ఖనిజంలో కలిసి ఉంటుంది. రాయిని దంచి, కాల్చి, కరిగించి సీసం తీస్తారు. ఆ సీసాన్ని పుటం పెట్టి ఊదితే సీసం గాలి తగిలి భస్మంగా మారిపోయి చివరికి వెండి మెరుస్తుంది. ఈ పనికి బొగ్గు కోసం కొండల మీది అడవి ఎంత పోయిందో, సీసం పొగ ఎంతమంది ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో నాణెం తూకంలో కనిపించదు.

కొన్ని లోజర్ల మీద గని బొమ్మ ఉంటుంది. దాన్ని ఎలా చూడాలి?

ఈ నాణేల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కొంచెం ఎక్కువ రాస్తాను.

17వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అదే వంశంలోని త్సెల్లె, హన్నోవర్ శాఖల డ్యూకులు క్రిస్టియాన్ లూడ్విగ్, యోహాన్ ఫ్రీడ్రిష్, ఎర్నెస్ట్ అవుగుస్ట్ లోజర్ల తీరు మార్చేశారు. క్రిస్టియాన్ లూడ్విగ్ కొట్టించిన 1660ల నాటి వాటిని చూడండి. ఒక వైపు కిరీటం కింద పేరులోని అక్షరాల ముడి, చుట్టూ ఆయన ఏలే ప్రాంతాల 14 చిహ్నాలు. రెండో వైపు పైకి దూకుతున్న గుర్రం, మబ్బుల్లోంచి ఒక చెయ్యి దాని మీద పూదండ పెడుతోంది. చూసేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. మీరు మాత్రం గుర్రం డెక్కల కిందికి చూడండి.

అక్కడ ఒక ఊరే ఉంటుంది. కొండ వాలు, గని మూతి మీద చిన్న పాకలు, నీటి చక్రాల ఇళ్లు, చెట్లు, తోపుడు బండి నెట్టుకెళ్లే మనుషులు. కొన్నింటిలో కొండను నిలువునా కోసినట్టు చూపించి లోపల మనుషులు సుత్తి, ఉలితో రాయి కొడుతున్నట్టు చెక్కారు. బియ్యపు గింజంత మనిషికి తలమీద ముసుగు, వెనక తోలు పట్టీ కూడా కనిపిస్తాయి. తోలు పట్టీ ఎందుకంటే గని లోపల తడి రాళ్ల మీద కూచుని జారుతూ పోవాలి కాబట్టి.

ఈ చెక్కడం అలంకారం కోసం మాత్రమే చేసింది కాదు. ఆ నాణెం అందుకున్న రాయబారి దాన్ని పట్టుకుని వెళ్లి తన రాజుకు చూపిస్తే, ఈ డ్యూకుకు అప్పు ఇవ్వొచ్చు, ఇతనితో పొత్తు పెట్టుకోవచ్చు అన్న భరోసా కలగాలి. నా వెండి ఇక్కడి నుంచి వస్తోంది, ఇంకా వస్తుంది అని చెప్పడమన్నమాట. ఇంకో రకం కూడా ఉంది, గని లాభం పంచే నాణేలు. గనిని చాలాచోట్ల 128 వాటాలుగా విభజించి అమ్మేవారు. ఖర్చులు పోను మిగిలితే వాటాదార్లకు ఆ గని వెండితోనే కొట్టిన నాణేలు పంచేవారు. లౌటెన్‌టాల్ గని పేరుతో 1680ల్లో వచ్చినవి వీటిలో ప్రసిద్ధం. నష్టం వస్తే వాటాదారే ఎదురు డబ్బు కట్టాలి, ఆ సంగతి నాణెం మీద ఉండదు.

నీళ్లే ఆ గనులకు ప్రాణం, నీళ్లే గండం. పైన చక్రాలు తిరగాలంటే నీళ్లు కావాలి, లోపల పని జరగాలంటే నీళ్లు తోడెయ్యాలి. అందుకని కొండల మీద చెరువులు, కాలువలు, సొరంగాలు తవ్వి ఒక పెద్ద ఏర్పాటు చేశారు. 1992లో రామెల్స్‌బర్గ్, గోస్లార్‌లను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2010లో ఈ నీటి ఏర్పాటునూ కలిపింది. గణితంలో పేరు మోసిన లైబ్నిజ్ హన్నోవర్ డ్యూకుల కొలువులో ఉన్నప్పుడు, 1680 ప్రాంతంలో, గాలిమరలతో ఇక్కడ నీళ్లు తోడించాలని కొన్నేళ్లు పాటుపడ్డాడు. అది ఫలించలేదు. గని పనివాళ్లు, అధికారులు ఆయన మాట పెద్దగా నమ్మలేదు కూడా.

నాణెం మీద విలువ ఎక్కడ రాసి ఉంటుంది?

ఇది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. చాలా లోజర్లకు మూడు థాలర్లకైనా నాలుగింటికైనా ఒకటే అచ్చు. బొమ్మ, వెడల్పు మారవు, బిళ్ళ మందం మారుతుంది. అచ్చు కొట్టాక 3 అనో 4 అనో అంకె ఉన్న చిన్న ముద్రను విడిగా ఖాళీ చోట దించేవారు. కాబట్టి ఫొటోలో రెండు ఒకేలా కనిపించినా తూకంలో చాలా తేడా ఉండొచ్చు. అంకె ముద్ర లేనివీ ఉన్నాయి, వాటిని తూచి చూడాల్సిందే.

అంత పెద్దవి ఎలా కొట్టేవారు?

మొదట్లో సమ్మెటతోనే. కింద ఒక అచ్చు, మధ్యలో కాల్చి మెత్తబరిచిన వెండి బిళ్ళ, పైన ఇంకో అచ్చు. 8 సెంటీమీటర్ల వెడల్పుకు ఒక్క దెబ్బ చాలదు. రెండు మూడు దెబ్బల మధ్య బిళ్ళ కాస్త జరిగితే అక్షరాలు రెండేసి పడతాయి. అలాంటి జంట గీతలు పాతవాటిలో తరచూ కనిపిస్తాయి, అవి లోపమని భయపడనక్కరలేదు. తర్వాత మరమేకు తీరులో తిరిగే ప్రెస్సులు, రూళ్ల యంత్రాలు వచ్చాయి. హాల్ టంకశాలలో 16వ శతాబ్దం రెండో సగంలో నీటి చక్రంతో తిరిగే రూళ్ల మధ్య వెండి రేకును పోనిచ్చి రెండు వైపులా ఒకేసారి అచ్చు పడేలా చేశారు.

ఇవి నాణేలా, పతకాలా?

నాణేలే. థాలర్ లెక్కకు సరిపడే తూకం, మేలిమి ఉన్నాయి, టంకశాల అధికారి పేరు పొడి అక్షరాలు ఉన్నాయి, కావాలంటే ఖజానాలో విలువ కట్టి తీసుకునేవారు. పతకానికి ఆ బాధ్యత లేదు. అయితే ఎవరూ వీటితో సంతలో గొర్రెలు కొనలేదు. సగటు మనిషి చేతిలో తిరిగింది చిల్లర నాణేలే.

వీటి వెండి నిజంగా మంచిదేనా? ఆ కాలంలో నాణేల మోసం ఎక్కువ అంటారు కదా?

మోసం ఎక్కువే. 1619 నుంచి 1623 దాకా జర్మన్ రాజ్యాల్లో ముప్పై ఏళ్ల యుద్ధం ఖర్చుల కోసం చిల్లర నాణేల్లో వెండి తీసేసి రాగి నింపారు, ధరలు ఆకాశాన్నంటాయి. సిగ్గుపడాల్సిన విషయమేమిటంటే, లోజర్లకు పేరు మోసిన ఈ బ్రౌన్‌ష్వైగ్ గడ్డ మీదే అప్పటి డ్యూక్ ఫ్రీడ్రిష్ ఉల్రిష్ హయాంలో దొంగ మేలిమి టంకశాలలు ఊరూరా వెలిశాయి. కూలి డబ్బులో రాగి, బహుమతి నాణెంలో మేలిమి వెండి. ఒకే వంశం రెండు పనులూ చేసింది. అందుకే ఈ అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ నాలుగేళ్లను కూడా దాని పక్కనే ఉంచుకుని చూడాలంటాను.

జర్మనీ బయట ఇలాంటివి ఉన్నాయా?

చాలా ఉన్నాయి. స్పెయిన్‌లో సెగోవియా టంకశాల 50 రియాళ్ల వెండి నాణెం కొట్టింది, దాని పేరు సింక్వెంతీన్. బరువు 170 గ్రాములకు అటూ ఇటూ, వెడల్పు 7 సెంటీమీటర్లకు పైనే. 1609 నుంచి 1682 మధ్య, రాజు అనుమతి మీద మాత్రమే కొద్దికొద్దిగా చేశారు. ఎరెస్మా నది ఒడ్డున ఉన్న ఆ టంకశాల యంత్రాలు హాల్ నుంచి వచ్చిన పనివాళ్లు బిగించినవే, అందుకే ఆ అచ్చు అంత తీరుగా ఉంటుంది. వెండి మాత్రం అమెరికాలోని స్పెయిన్ గనులది. అదే రియాళ్ల వెండిని డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ఓడలు 17వ శతాబ్దంలో మన మచిలీపట్నం రేవు దాకా తెచ్చాయి. సింక్వెంతీన్లు, లోజర్లు మాత్రం ఓడెక్కే సరుకు కాదు.

సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్ పారిస్ లోద్రోన్ 1628లో కొత్త పెద్ద చర్చిని ప్రతిష్ఠించినప్పుడు కొట్టించిన వాటి మీద ఎనిమిది మంది బిషప్పులు పవిత్ర అవశేషాల పెట్టెను మోసుకెళ్తుంటారు. పోలండ్‌లో గ్దాన్స్క్ నగరం రాజుకు సమర్పించే నాణేలు కొట్టించేది, ఎక్కువ బంగారంలో. ఫ్రాన్స్‌లో మామూలు అచ్చుతోనే మందంగా కొట్టిన పియెఫోర్‌లు ఉన్నాయి, అవి టంకశాల పెద్దలకు, కొలువులో ముఖ్యులకు వెళ్లేవి.

ప్రపంచంలో అతి బరువైన నాణేలు ఇవేనా?

కాదు. స్వీడన్ 1644లో కొట్టిన 10 దాలర్ల రాగి పలక దాదాపు 19.7 కిలోలు, కానీ అది రాగి. బహుమతి నాణేల్లో అయితే మన దేశానిదే పెద్దది. జహంగీర్ 1613లో ఆగ్రాలో కొట్టించిన వెయ్యి మొహర్ల బంగారు నాణెం 12 కిలోలకు దగ్గరగా ఉంటుంది, వెడల్పు 20 సెంటీమీటర్ల పైనే. అది హైదరాబాద్ నిజాం కుటుంబం దగ్గరికి చేరిందని చెబుతారు. 1987లో జెనీవాలో దాన్ని వేలానికి పెట్టారన్న వార్త వచ్చాక సీబీఐ విచారణ జరిగింది, అయినా నాణెం తిరిగి రాలేదు. హైదరాబాద్‌లో పుట్టిన ఎవరికైనా ఈ విషయం మనసులో గుచ్చుకుంటుంది.

లోజర్లు ఇప్పుడు ఇంత అరుదుగా ఎందుకు దొరుకుతాయి?

కరిగించేశారు. దాచడానికి చేసిన వెండి కాబట్టి అవసరం వచ్చినప్పుడు మొదట మూసలోకి వెళ్లింది కూడా అదే. 17వ శతాబ్దం చివరికి రాజదర్బార్లు పతకాల వైపు మళ్లాయి, లోజర్ల అచ్చు ఆగిపోయింది.

ఎక్కడ చూడవచ్చు?

బెర్లిన్‌లో బోడె మ్యూజియం, డ్రెస్డెన్‌లో రాజభవనంలోని నాణేల విభాగం, వియన్నాలో కళాచరిత్ర మ్యూజియం, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం ముఖ్యమైనవి. హాల్‌లోని హాసెగ్ కోటలో, సెగోవియాలో పాత టంకశాలలే మ్యూజియాలుగా ఉన్నాయి. జర్మనీలో చదువుకునే, ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు నాదొక విన్నపం. వారాంతం దొరికితే గోస్లార్ వెళ్లి రామెల్స్‌బర్గ్ గని లోపలికి దిగండి. పాత నీటి చక్రాలు ఇప్పటికీ ఉన్నాయి. అవి చూశాక నాణెం మీద గుర్రం కింద ఉన్న ఆ చిన్న పాకలు ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది.

కొనాలనుకుంటే ఏం చూసుకోవాలి?

మొదట తూకం, తర్వాత అంచు. పోత పోసిన నకిలీలకు అంచు మీద సన్నటి అతుకు గీత, పైన సూది రంధ్రాల్లాంటి గుంటలు ఉంటాయి. అక్షరాల అంచులు మొద్దుగా, సబ్బు అరిగినట్టు కనిపిస్తాయి. అచ్చు కొట్టిన దాంట్లో అక్షరం నిటారుగా లేస్తుంది. ఆ తర్వాత పైఅంచు దగ్గర, గడియారంలో 12 ఉండే చోట జాగ్రత్తగా చూడండి. చాలావాటికి గొలుసు కోసం కొక్కెం అతికించి, తర్వాత పీకేసి సాపు చేశారు. అలా చేసినదానికి ధర బాగా తగ్గాలి. బంగారు పూత జాడలు, గోడకో పానపాత్రకో బిగించిన గుర్తులు కూడా అంతే. పేరున్న వేలం సంస్థ దగ్గర, పాత యజమానుల వివరాలతో వస్తేనే కొనండి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే లోజర్ దాదాపు ఎప్పుడూ కొత్తగా పోసిందే.

నల్లబడిన వెండిని శుభ్రం చేయవచ్చా?

వద్దు. పూజ సామాను తోమినట్టు పొడితోనో పేస్టుతోనో రుద్దితే మొదట పోయేది ఆ బియ్యపు గింజంత గని పనివాడి ముఖమే. నలుపు వెండికి హాని చేయదు. అంచు పట్టుకుని ఎత్తండి, ప్లాస్టిక్ కవర్లలో కాకుండా ఆమ్లం లేని కాగితంలో పెట్టండి, తేమ తగలకుండా చూడండి. ఆకుపచ్చగా పొక్కులు లేస్తుంటే మాత్రం అది లోపలి రాగి చెడిపోతున్న గుర్తు, దాన్ని మ్యూజియం పనిలో అనుభవం ఉన్నవాళ్లకే చూపించాలి.